మ్యూజియంలో పెదనాన్న దోనె

వికలాంగుల సౌకర్యాల కమిటీ మీటింగుని మేడ మీద పెట్టారు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. కాలికి ఇనపపట్టీల కాలిపర్, చంకల కింద కర్రలు. తాడేపల్లిగూడెం నుంచి పాసింజరు రైల్లో ఏలూరు వచ్చి, స్టేషన్లో వంతెన ఎక్కి దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్తే ఎదురుగా మళ్లీ మెట్లు. కింది మెట్టు మీదే కూర్చున్నాను. కాసేపటికి కార్యదర్శిగారు పైనుంచి తొంగిచూశారు.

"అయ్యో, మీరెక్కక్కర్లేదండీ టీచరుగారూ. మీ సలహాలేవో కాయితం మీద రాసిచ్చేయండి, మేం పైన చదువుకుంటామండీ" అన్నారు.

ఎంత మర్యాదో! మా వైపు మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం కూడా అండీలు పెట్టే జరుగుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. ఊళ్లో కొంతమంది పెద్దలు కలిసి ఒక పాత బంగళాలో మ్యూజియం పెట్టారు. పేరు చెప్పను. చలికాలంలో ఒక రాత్రి పదింటి దాకా తలుపులు తీసి ఉంచుతామని, దీపాలు, పాటలు, అన్ని గదులూ చూడొచ్చని, వికలాంగులకి ప్రత్యేక ఆహ్వానమని కరపత్రాలు పంచారు. అలాంటప్పుడు కమిటీలో ఒక వికలాంగురాలు ఉంటే బాగుంటుంది కదా. అందుకు నేను దొరికాను. వాళ్ల ఉద్దేశం తెలిసీ ఒప్పుకున్నాను, మా పెదనాన్న కోసం.

పెదనాన్నది కొల్లేటి లంక. తాటిదోనె మీద గెడ వేసుకుంటూ, వెదురు మావులు పెట్టి చేపలు పట్టి బతికిన మనిషి. చేపల చెరువులు తవ్వి గట్లు పోసేశాక దోనెకి తిరిగే దారి లేకపోయింది. ఇంటి పక్కన బోర్లించి పెట్టుకున్నారు. ఈ మ్యూజియం వాళ్లు పాత వస్తువులు అడుగుతూ ఆ ఊరు వెళ్లినప్పుడు ఇచ్చేశారు. ఆ తర్వాత నీటికాసులు వచ్చి ఆయనకి రెండు కళ్లూ పోయాయి. నేను ఎప్పుడు వెళ్లినా ఒకటే అడిగేవారు.

"ఒక్కసారి దాని మీద చెయ్యేసి రావాలమ్మా. ఎలా ఉంచారో ఏవిటో."

మెట్టు మీద కూర్చుని, ఒళ్లో సంచీ పెట్టుకుని, సలహాలు రాశాను. ర్యాంపు కావాలి, దానికి పట్టుకోడానికి కమ్మీ కావాలి, దాని మీద లైటుండాలి, ముందు కార్లు ఆపకూడదు, గదికో కుర్చీ, గడప లేని బాత్‌రూం. అన్నీ నా కాలికి పనికొచ్చేవే. అప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

కరపత్రంలో వేసిన రోజు వచ్చింది. ఆ సాయంత్రం ఆకివీడు బస్సు దిగిన పెదనాన్నని తీసుకుని వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, ఆదివారం ఆరాధనకి వేసుకునేది. బంగళా నిండా రంగు బల్బులు. ర్యాంపు వేశారు, కాదనను. షామియానా వాళ్ల చెక్కలు రెండు నిట్టనిలువుగా ఆనించి పైన ఎర్ర తివాసీ పరిచారు. లైటు లేదు. కమ్మీ లేదు. దానికి అడ్డంగా ముఖ్య అతిథిగారి కారు. డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడట. నేను మెట్ల మీదనుంచే ఒక్కో కర్రా ఆనించుకుంటూ ఎక్కాను. పెదనాన్న నా భుజం పట్టుకుని ఎక్కారు. మమ్మల్ని చూసి ఇద్దరు ముగ్గురు అయ్యో పాపం అన్నారు, ఒక్కరూ కారు తీయించలేదు.

తర్వాత ఉపన్యాసాలు. మా ఆత్మస్థైర్యం గురించి ముఖ్య అతిథిగారు గంటసేపు మాట్లాడారు. ఆ గంటా పెదనాన్న నా చెవిలో, "దోనె ఏ గదిలో ఉందమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. గదులు తెరిచేటప్పటికి తొమ్మిది దాటింది.

దోనెని మూల గదిలో అరుగు మీద రెండు దిమ్మలపై పెట్టి చుట్టూ తాడు కట్టారు. దగ్గరకి వెళ్లగానే ఆయన చెయ్యి చాచారు. కార్యదర్శిగారు పరుగున వచ్చారు.

"ముట్టుకోకూడదండీ పెద్దాయనా. రూలండీ."

"ఈ దోనె ఇచ్చింది ఈయనేనండీ. ఈయనకి కళ్లు కనపడవు" అన్నాను.

"నిజమే కానండీ, అందరికీ ఒకటే రూలండీ. అయినా టీచరుగారూ, మీరిచ్చిన కాయితంలో ముట్టుకోవడం గురించి లేదండీ" అని జేబులోంచి తీసి చూపించారు.

లేదు. నిజంగానే లేదు. ఎవరికోసం ఆ కమిటీలో చేరానో ఆయన కోసం ఒక్క ముక్క రాయలేదు నేను. నా కాలు, నా మెట్లు, నా కర్రలు!

పెదనాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "పోనీలేమ్మా, నీ మీదకి మాటొస్తుంది. నువ్వు చూసి చెప్పు. అడుగున, వెనక వైపు, రేకుముక్క వేసి తారు పూశాను. ఉందా?"

అడుగున ఏముందో చూడాలంటే వంగాలి. కాలిపర్ వేసుకుని నేను వంగలేను. "కాస్త మీరు చూసి చెప్పండి" అని కార్యదర్శిగారిని అడిగాను. ఆయన తన తెల్లపంచె చూసుకుని, "పొద్దున్న చూద్దాంలెండి" అన్నారు.

కర్రలు రెండూ నేల మీద పడేశాను. గోడ పట్టుకుని, కాలిపర్ తాళం తీసి, కూలబడ్డాను. పెదనాన్న చెయ్యి పట్టి కిందకి లాగి, తాడు కిందనుంచి దోనె అడుక్కి చేర్చాను. ఆయన వేళ్లు తడుముకుంటూ వెళ్లి ఒకచోట ఆగాయి.

"ఉందమ్మా. మేకులు కూడా ఉన్నాయి" అన్నారు. ఆయన ముఖం చూసి నేను భోరుమన్నాను. కార్యదర్శిగారు, "ఏవండీ, ఏవండీ" అంటూనే ఉన్నారు. ఎవరో ఫోటో తీశారు. నన్ను లేవదీయడానికి నలుగురు పట్టారు.

రెండు రోజుల తర్వాత జిల్లా పేపర్లో ఆ ఫోటో వచ్చింది. అంధులు వస్తువులను తాకి చూసేలా నిర్వాహకులు ప్రత్యేక ఏర్పాట్లు చేశారని కింద రాశారు. పక్కన కార్యదర్శిగారి నవ్వు ముఖం. నేను పేపరు ముక్కలు ముక్కలుగా చింపేశాను. పెదనాన్నకి మాత్రం ఊళ్లో ఎవరో చదివి వినిపించారు. ఆయన మహా సంతోషపడి, కళ్లు లేని ఇంకో ముసలాయన్ని వెంటబెట్టుకుని, పక్కింటి వాళ్ల తోడుతో నాకు చెప్పకుండానే ఏలూరు వెళ్లారట. అప్పటికే దోనె చుట్టూ పైదాకా అద్దం బిగించేశారు, ఆ రాత్రి మేం ముట్టుకున్నామని.

ఆ ఆదివారం వెళ్తే పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "అద్దం బాగా మందంగా వేశారమ్మా, ఇక దుమ్ము పడదు" అన్నారు.