గోడలో కలిసిన నీలం

రంగుల కొట్టులో ముప్పై ఏళ్లుగా డబ్బాలు కలిపే ఆ పెద్దమనిషిని అందరూ రంగుల మామ అంటారు. ఆయన కలల్లో వీధులన్నీ తడిగా ఉంటాయి. అడుగు వేసిన చోటల్లా నేల రంగు మారుతుంది. "ఊళ్లో గోడలన్నిటికీ సింగారం, మనింటికి సున్నమే దిక్కు" అని రోజుకోసారి దెప్పకపోతే భార్యకు కాఫీ దిగదు.

ఆ వారం కలలన్నీ ఒకే గోడ మీదికి పోయాయి. రిటైరైన ఇంగ్లీషు మాస్టారి గదిలో గొట్టం పగిలితే గోడ తవ్వి పూడ్చారు. ఆయన భార్య బతికున్నన్నాళ్లూ తల ఆనించుకుని కూర్చున్న చోటు సరిగ్గా అదే. అతుకు కనిపించకూడదని మాస్టారి కోరిక. మామ రెండుసార్లు కలిపాడు. రెండుసార్లూ ఆరాక మాసికలా తేలింది. ఇంకోసారి తప్పితే గదంతా కొత్త రంగు వేయించేస్తానన్నాడు మాస్టారి కొడుకు.

మూడోసారి మాస్టారే గోడ పెచ్చొకటి కాగితంలో చుట్టుకుని కొట్టుకు వచ్చారు. మామ కలుపుతుంటే ఊరుకోలేక మిక్స్ అన్న మాట పుట్టుక ఎత్తుకున్నారు. లాటిన్‌లో బయల్దేరి, ఫ్రెంచివాళ్ల నోట నాని, ఇంగ్లీషులోకి మొదట 'కలిసిపోయినది' అనే అర్థంతోనే దిగిందట. కలపడం అనే మాటను దాన్నుంచే తర్వాత తీసుకున్నారట. పోనుపోను నలుగురితో కలివిడిగా ఉండటానికీ, ఒకటనుకుని ఇంకోటి చేయడానికీ కూడా అదే మాటయిందట.

"అంటే కలిసిపోయింది ముందూ, కలపడం తర్వాతానా మాస్టారూ?"

"మాట వరకు అంతేనయ్యా. కాపురమూ అంతేగా అని నవ్వేది మా ఆవిడ."

మామ చేతిలో కర్ర ఆగింది. పెచ్చును వెలుగులో తిప్పి చూశాడు. విరిగిన అంచున, లోపల లేత నీలం. పైన మాత్రం ఎండ, పొగ, తలనూనె కలిసి మరేదో అయింది. ఆ గోడకు ఒకప్పుడు రంగు కలిపింది తనే. ఆ పాళ్లు ఇంకా గుర్తున్నాయన్న గర్వంతో రెండుసార్లూ ఆనాటి నీలాన్నే కలిపాడు.

మట్టి పసుపు రెండు చుక్కలు, నలుపు సూదిమొనంత వేశాడు. తడి రంగు మాట ఆయన నమ్మడు. మణికట్టు మీద రాసుకుని, ఆరేదాకా ఎండలో కూర్చున్నాడు. మాస్టారూ పక్కనే కూర్చున్నారు.

మర్నాడు అతుకు మీద వేసిన ఆ రంగు ఆరాక, మాస్టారు గోడంతా చూపులతో వెతికి, "ఎక్కడయ్యా?" అన్నారు. మామ కళ్లు చికిలించాడు. ఆయనకూ దొరకలేదు. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లగా తల ఆనించారు.

ఇంటికొచ్చి మామ తమ సున్నపు గోడ ముందు నిలబడిపోయాడు.

"ఏంటలా చూస్తున్నారు?" అంది భార్య.

"నువ్వు రోజూ ఆనుకునేది ఎక్కడే?"