అత్తమ్మ కాశీలో వదిలిన పండు

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు పడవవాడు స్టార్ట్ చేసిన ఇంజను మళ్లీ ఆపేశాడు. ఇంకా ఇద్దరు రావాలట. అప్పటికే మేము అరగంటగా పడవలో కూర్చుని ఉన్నాం. ఖాళీ బల్ల ఒక్కటీ లేదు. వచ్చే ఇద్దరు ఎక్కడ కూర్చుంటారని అడిగితే పడవవాడు నది వైపు చూశాడు. పైన కట్టిన రెండు స్పీకర్లలో ఒకటి భజన పాడుతోంది. రెండోదాంట్లో గైడు మైకు సరిగ్గా ఉందో లేదో ఊది చూసుకుంటున్నాడు.

మేము నలుగురం. నేను, మా అత్తమ్మ, ఆమె కొడుకు, కోడలు. వాళ్లది కొండాపూర్ మండలంలో ఒక ఊరు, వ్యవసాయం. మా నాన్న కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో ఇల్లు కట్టుకున్నాడు. నేనూ అక్కడే పెరిగి, అదే ఫ్యాక్టరీలో చేరాను. అత్తమ్మ కూతురు నా భార్య. పోయిన ఏడాది చనిపోయింది. అస్థికలు మంజీరలోనే కలిపాం. కాశీకి వచ్చింది వాటి కోసం కాదు. పడవ ఎక్కించి కాశీ అంతా చూపిస్తానని తను వాళ్లమ్మకు మాట ఇచ్చింది. ఏటా ఏదో అడ్డం వచ్చేది. సంవత్సరీకం అయిన వారానికి బావమరిది టికెట్లు తీసి, నాకు ఫోన్ చేసి చెప్పాడు. అడగలేదు, చెప్పాడు.

ఆ ఏడాదిలో నేను వాళ్ల ఊరికి వెళ్లని ఆదివారాలు తక్కువ. సంగారెడ్డిలో బస్సు మారేటప్పుడు ఆపిల్ పండ్లో బత్తాయిలో కొనుక్కుని, ఆ సంచి అత్తమ్మ చేతికిచ్చి, వాళ్లు వేసిన కుర్చీలో ఒక గంట కూర్చుని, టీ తాగి వచ్చేవాణ్ణి. పెరట్లో జామ, చేను గట్టు మీద సీతాఫలం ఉన్న ఇంటికి కొన్న పండ్లు మోసుకెళ్లడం అర్థం లేని పనని నాకు తెలుసు. కానీ అత్తగారింటికి వట్టి చేతులతో వెళ్లకూడదని మా ఇంట్లో నేర్పారు. పైగా, భార్య లేని అల్లుడు ఏ పని మీద వచ్చాడంటే చెప్పడానికి ఆ సంచి తప్ప నా దగ్గర ఏమీ లేదు. మాకు పిల్లలు లేరు. సంవత్సరీకం దాకా ఏదో ఒక తంతు ఉంటూ వచ్చింది. కాశీ కూడా అయిపోతే ఆ ఇంటికి నేను వెళ్లడానికి ఇంకేం కారణం ఉంటుందని రైలెక్కినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. మా కాలనీలో నా ముందు ఎవరూ నా భార్య మాట ఎత్తరు. ఆ ఇంట్లో మాత్రం కూర వండుతూ, గేదెను కట్టేస్తూ, ఆమె మీద చాడీలు కూడా చెబుతారు. ఆ ఇల్లు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

చివరికి ఆ ఇద్దరూ వచ్చారు. మా బల్ల మీదే ఇరుక్కున్నారు. పడవ కదిలింది.

గైడుకు ప్రతి కట్టడమూ ఐదువందల ఏళ్లదే. ప్రతి మెట్ల వరుసనూ ఒక రాజు కట్టించాడు. అత్తమ్మకు హిందీ అంతగా రాదు. కొడుకును అడుగుతూ వచ్చింది.

"ఏమంటుండురా?"

"రాజు కట్టిచ్చిండంట."

"ఇందాకటి రాజేనా?"

"వేరే రాజమ్మా."

"మరి గిదెవరు కట్టిచ్చిన్రు?"

"గదీ రాజే. నువ్వు సూడు, అడగకు."

బయలుదేరే ముందు నేను ఈ ఊరి గురించి రెండు పుస్తకాలు చదివాను. ఈ మెట్లలో చాలా భాగం మరాఠాల కాలంలో మళ్లీ కట్టినవి. బావమరిదితో ఆ మాట అన్నాను. "బావా, జెర సప్పుడు చెయ్యకు. ఆయనకు ఇనవడితే మైకు నీకే ఇస్తడు" అన్నాడు. వాడి భార్య చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎరుపు, తెలుపు పట్టీలున్న కేదార్ ఘాట్ దగ్గర గైడు మా వైపు చెయ్యి చూపించి, ఇది మీ దక్షిణాది వాళ్లది అన్నాడు. పడవంతా మమ్మల్ని చూసింది. మేమే కట్టించినట్టు బావమరిది చెయ్యి ఊపాడు. ముందు బల్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న వాళ్ల వల్ల నాకు సగం ఘాట్లు కనిపించలేదు. వెనక భజన ఆగలేదు. ఆపమని రెండుసార్లు అడిగాను. అది ఇంజనుతోపాటే మోగుతుందని పడవవాడు చెప్పాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

మణికర్ణిక దగ్గర పడవ నెమ్మదించింది. గైడు గొంతు తగ్గించాడు. ఫోన్లు మాత్రం పైకి లేచాయి. చితుల వైపు ఫోన్ పెట్టవద్దని రెండు భాషల్లో రాసిన బోర్డు కింద నిలబడి ఒకాయన వీడియో తీస్తున్నాడు. నేను తల తిప్పుకున్నాను. అత్తమ్మ తిప్పుకోలేదు.

"మన పిల్లను మంజీరల కలిపిన్నాడు గిన్ని మెట్లు లెవ్వు" అంది. "మోకాళ్ల దాక బురద. అల్లుని చెప్పు ఒకటి అండ్లనే పాయె."

"ఇప్పుడు గదెందుకే అమ్మా" అన్నాడు కొడుకు.

"యాదికొచ్చింది, అన్న. అనొద్దా?"

చెప్పు పోయిన సంగతి ఆమె చూసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

పడవ అవతలి ఒడ్డుకు వెళ్లి ఇసుకలో ఆగింది. స్నానాలకు ముప్పై నిమిషాలు అన్నాడు గైడు. మా వైపు కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన పండొకటి, కూర ఒకటి గంగలో వదిలేస్తారు. అంటే ఆ తర్వాత బతికినన్నాళ్లూ వాటిని తినరు. ఎక్కువమంది తమకు నష్టం లేనివి చూసుకుంటారు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మావాళ్లూ అదే పని మొదలుపెట్టారు.

కోడలు కాకరకాయ అంది.

"నువ్వెన్నడు తిన్నవని?" అన్నాడు మొగుడు.

"నువ్వు తెస్తున్నవ్ గదా. ఇగ తేకు."

బావమరిది దోసిట్లో నీళ్లు తీసుకుని డ్రాగన్ పండు అన్నాడు. రెండేళ్ల కిందట పొలంలో సిమెంటు స్తంభాలు పాతించి వేసిన పంట అదే. భార్య వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. "మతి ఉన్నదా నీకు? అమ్మేటోడే తిననంటే కొనేటోడు తింటడా?"

"కొనేటోనికి నేను చెప్తనా?"

"నాకు చెప్తివి గదా. ఊరంత తెలుస్తది." ఆమె ఆ మాట ఏ సిగ్గూ లేకుండా అంది. వాడు నీళ్లు కింద పోసి, మళ్లీ తీసుకుని, పనసపండు అన్నాడు. పనస మా వైపు పెద్దగా దొరకదు.

నన్ను అడిగారు. తర్వాత చూద్దాం అన్నాను. ఇలాంటి వాటి మీద నాకు నమ్మకం లేదు, ఆ మాట అక్కడ చెప్పే ధైర్యమూ లేదు. గైడు ఒడ్డు మీద నిలబడి, టైమైపోయిందని మైకులో అరుస్తున్నాడు. ముప్పై నిమిషాల్లో సగం కూడా కాలేదు.

అత్తమ్మ నీళ్లు తీసుకుంది. "కొన్న పండ్లు విడిచిపెడుతున్న" అంది.

"గట్ల గాదమ్మా, పేరు చెప్పాలె" అన్నాడు కొడుకు. "జామనో, అరటో."

"పేరేంది. బజార్ల కొన్నది ఏదైనా ముట్ట. మన చెట్టుకు కాసింది తింట." దోసిలి వదిలేసి నా వైపు తిరిగింది. "ఇగ నువ్వు తెచ్చే సంచి నాకు పనికిరాదు అల్లుడా."

నాకు ముఖం మీద తలుపు వేసినట్టు అనిపించింది. ఉన్న ఒక్క సాకూ ఆమే తీసేసింది. దాన్ని తీసేయడానికి కాశీ దాకా రావాలా అని కోపం కూడా వచ్చింది. ఇంజను మోగింది, దానితోపాటు భజన కూడా. ఆమెకు వినిపించడానికి నేను గట్టిగా అడగాల్సి వచ్చింది.

"మరి వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారు?"

"ఏం తేకు. చేతులూపుకుంట రా."

"అలా ఎలా వస్తాను?"

"ఎట్లనా? బస్సెక్కి రా." ఆమెకు విసుగు వచ్చింది. "ఏడాదిసంది నువ్వు తెచ్చిన ఆపిల్ పండ్లు మ్యాకలకేస్తున్న. అవి గూడ తింటలెవ్వు. సంచి చేతుల ఉంటే సుట్టం లెక్క కూసుంటవ్, గడియారం సూస్తవ్, పోతవ్. బిడ్డ పోయింది, అల్లుడు సుట్టమైండు. నాకు గిదేం పరేషానో."

కొడుకు, కోడలు పక్కకు చూశారు. నేను సరే అన్నాను. భజనలో అది ఆమెకు వినిపించిందో లేదో తెలియదు. తిరుగు దారిలో గైడు మళ్లీ అవే ఘాట్ల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పాడు. అత్తమ్మ తడి చీరతోనే బల్లకు ఆనుకుని నిద్రపోయింది. దిగేటప్పుడు గైడు టిప్పు అడిగాడు, బావమరిది ఇచ్చాడు.

వచ్చాక మొదటి ఆదివారం సంగారెడ్డిలో పండ్ల బండి ముందు నిలబడి, రెండో బస్సు అందుకోలేకపోయాను. బండివాడు నన్ను చూసి అప్పటికే సంచి తెరిచి పట్టుకున్నాడు. వద్దని చెప్పడం కష్టమైంది. ఊళ్లో దిగి నడుస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. తల ఎత్తి చూసి, ఒక చాట నా వైపు తోసింది. మధ్యాహ్నం దాకా ఒలిచాం. కూతురికి అనపగింజల కూర నచ్చేది కాదని, పళ్లెం అంచున ఏరి పెట్టేదని ఆమె చెప్పింది. నా దగ్గర మాత్రం తినేదని చెప్పాను. "నీ ముంగట నాటకమాడింది" అంది.

ఇప్పుడు కూడా వెళ్తూనే ఉన్నాను. ఒక్కోసారి నేను వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు. నేను వస్తే లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేయడం ఆ ఇంట్లో మానేశారు.