బరిసాల్ నుంచి వచ్చిన మేనమామ

మా మేనమామ పోయాడు. నిద్రలోనే ప్రాణం పోయిందని తెల్లవారాక తెలిసింది. సెలవు అడిగితే మా తెలుగు ఫోర్‌మనే, "ఆ బెంగాలీ ఫిట్టరు నీకు మేనమామేటి? ఏ రక్తం కలిసిందని?" అన్నాడు. రక్తం సంగతి ఆయనకు గట్టిగానే చెప్పి వచ్చాను. సెలవు ఇచ్చాడో లేదో తెలియదు. ఆ బంధుత్వం ఎలా కుదిరిందో మాత్రం మీకు చెప్పాలి.

దేశం రెండుగా చీలినప్పుడు ఆయన బరిసాల్ నుంచి కట్టుబట్టలతో ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాన్నదీ ఆయనదీ ఒకే బెంచీ, పక్కపక్క క్వార్టర్లు. ఆయన పెళ్లి చేసుకోలేదు. అమ్మ ఆయన్ని అన్న అన్నట్టు దాదా అనేది, ఆయన అమ్మను అక్క అన్నట్టు దీదీ అనేవాడు. ఎవరు పెద్దో ఇద్దరూ తేల్చుకోలేదు.

ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు తింటూ కళ్లూ ముక్కూ తుడుచుకునేవాడు. "ఇది మాఛ్ కాదు దీదీ, ఇంజను ఫైర్‌బాక్స్!"

"అయితే తినకు దాదా."

"ఇంకొంచెం వెయ్యి."

నేను తెచ్చి చదివే పార్టీ కరపత్రాలు చివరిదాకా వినేది ఆయనొక్కడే. ఒకసారి మొత్తం విని, "అంతా బాగుంది బాబూ. ఇందులో ఎవరూ ఎవరింటికీ రారేటి?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కరపత్రం మడిచి జేబులో కుక్కుకున్నాను.

మా అక్క పెళ్లికి అమ్మ తోడబుట్టిన అన్న రాలేదు. తన కొడుక్కి చెయ్యకుండా ఊళ్లోనే నిమ్‌పురా పేట సంబంధం చూశామని అలిగాడు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవలసింది మేనమామ. మగపెళ్లివారి పెద్దాయన పట్టుబట్టాడు. "మేనమామ లేని పెళ్లేటి? మేం లేసి ఎల్లిపోతాం."

"మా అక్కకి కాళ్లు లేవేటి? నడిసొస్తాది!" అని నేను అరిచాను. పెద్దాయన నిజంగానే కండువా దులుపుకుని లేచాడు. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు మా బరిసాల్ ఆయన చొక్కా విప్పి, తువ్వాలు నడుముకు బిగించి వచ్చాడు. "కాళ్లు ఉన్నాయి బాబూ. మోసేవాడు కూడా ఉండాల కదా."

అమ్మ లోపలికి వెళ్లి, తన అన్న కోసం కొన్న పంచెల చాపు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "ఈయన మా అన్న. కాదన్నోళ్లు సెప్పండి" అంది.

గంప అటువైపు ఆయన, ఇటువైపు నేను పట్టుకున్నాం. పీటల దగ్గర దించాలి కదా, ఆయన దించలేదు. పెళ్లికొడుకు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు! బెంగాలీ వాళ్లలో పెళ్లికూతుర్ని పీట మీద మోసి అలాగే తిప్పుతారట. "ఘూరో బాబూ, ఘూరో!" అంటూ నన్నూ లాక్కుపోయాడు. గంపలో అక్క కిందా మీదా అవుతోంది. పెళ్లికొడుకు మెడ తిప్పలేక చస్తున్నాడు.

"దించండి మహాప్రభో, లగ్నం దాటిపోతాది!" అని పంతులుగారి కేకలు. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. చివరికి లేచి నిలబడ్డ పెద్దాయనే మళ్లీ కూర్చుని, "మేనమామగారికి ముందు వడ్డించండర్రా" అన్నాడు.

భోజనాల దగ్గర అమ్మతో ఆయన మెల్లగా అన్నాడు. "నేను ఇటు వచ్చేశాక నా చెల్లి పెళ్లి అక్కడే, బరిసాల్‌లో అయింది దీదీ. ఎవరు మోశారో నాకు తెలీదు."

ఇవాళ ఆయన దేహాన్ని మా వరండాలో పడుకోబెట్టాం. అమ్మ గంధం అరగదీసి తెచ్చింది. కాళీపూజ వెళ్లాక బెంగాలీ ఆడపడుచులు అన్నదమ్ముల నుదుట పెట్టే బొట్టు అది. అమ్మ చూడటమే గాని ఎన్నడూ పెట్టలేదు. ఎడమ చేతి చిటికెన వేలు గంధంలో ముంచింది.

"ఎడం సెయ్యేటమ్మా, తప్పు కదా" అంది పక్కావిడ.

"ఆళ్ల పద్ధతి అదే" అంది అమ్మ.

బొట్టు కాస్త పక్కకు జారింది. అమ్మ సరిచెయ్యలేదు. వర్క్‌షాపు కూత వినబడింది. డ్యూటీకి వెళ్లవలసిన వాళ్లూ కదల్లేదు. ఆ తడి ఆరి, గంధం తెల్లబడేదాకా పాడె మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.