వినాయకుడి బొమ్మను నమ్మి ఎక్కిన బస్సు

టీ మెల్లగా తాగండమ్మా, మధ్యలో నవ్వొచ్చి పొలమారితే నన్ను అనొద్దు. పోయిన నెల మా వియ్యపురాల్ని కాణిపాకం తీసుకుపోతానని బయలుదేరి, ఆమెకు చూపించకూడదని ఆరు నెలలు దాచిపెట్టుకున్న చోటికే నా చేతులారా తీసుకుపోయి దించినా. అయినా గెలిచింది నేనే! ఎట్లంటారా, వినండి.

మా అమ్మాయి కీర్తన అత్తగారిది రాజమండ్రి. రిటైరైన తెలుగు టీచరు. ఆమె మాట్లాడితే చెవికి ఇంపుగా ఉంటాది. మన సంగతి తెలుసు కదా, ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, కోపమొస్తే రెండూ! తెలుగు ఎంతసేపైనా మాట్లాడతా గానీ, అరవ బడిలో చదివినదాన్ని, ఒక్క అక్షరం చదివేదానికి రాదు. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. వాట్సాప్‌లో ఆమె తెలుగులో ఏం రాసి పంపినా దండం బొమ్మ ఒకటి పెట్టేస్తా. ఆరు నెలలు అట్లే నెట్టుకొచ్చినా!

ఇంకోటి కూడా దాచినా. మా ఇల్లు. గుడియాత్తంలో మాది లుంగీలు మడిచి, లేబులు అంటించి, కట్టలు కట్టే పని కదా, హాలంతా లుంగీలే. వాటి కింద యాడనో ఒక సోఫా ఉండాది. పెండ్లిచూపులు కూడా వేలూరులో మా అన్న ఇంట్లోనే కానిచ్చేసినాం. రాజమండ్రిలో వాళ్లది రెండంతస్తుల ఇల్లు. ఆమె మా హాలు చూసి, "ఇలాంటి ఇంటి నుంచా నువ్వొచ్చింది" అని నా బిడ్డను ఒక్క మాట అంటే? అదే నా భయం. అందుకే ఆమె కీర్తనను తీసుకుని వస్తానన్నప్పుడు, "ఇంటికి పెయింటింగ్ జరుగుతా ఉండాది వదినా" అని చెప్పి వేలూరులో లాడ్జి రూము తీసినా.

మొదటి రోజు కోట, బంగారు గుడి అయిపోయినాయి. రెండో రోజు యాడికి? లాడ్జి రూములో పెద్ద మీటింగ్! కీర్తన ఏలగిరి అనింది. వదినకు కొండ మలుపులు పడవు. నేను జవ్వాదు కొండలు అన్నా. అవీ కొండలే కదమ్మా అనింది కీర్తన. అప్పుడు వదిన మెల్లగా అడిగింది.

"మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం వదినగారూ?"

"మా ఊరా! ఎండ తప్ప ఏముండాది వదినా ఆడ? కాణిపాకం పోదాం. నేరుగా ఆంధ్రా బస్సు ఉండాది. అంతా నేను చూసుకుంటా!"

బస్టాండుకు పోతే ఆంధ్రా బస్సులు వరసగా నిలబడి ఉండాయి. ప్రతి బోర్డూ తెలుగులోనే, నా కంటికి జిలేబీలు పరిచినట్టు! ఎవర్నైనా అడగచ్చు, కానీ పక్కన టీచరమ్మ. "బోర్డు ఉంది కదండీ" అంటే నా గతేం కావాల? కీర్తన వైపు చూసినా. అదీ అరవ బడే, పైగా ఫోన్లో మొగుడితో మాటలు. అప్పుడు కనపడినాడు స్వామి! ఒక బస్సు ముందద్దానికి ఇంత వినాయకుడి బొమ్మ, దానికి మల్లెపూల దండ.

"ఇదే వదినా, ఎక్కండి!" అన్నా. ఏ బస్సులో ఉండడమ్మా వినాయకుడు? ఆ బుద్ధి నాకు అప్పుడు లేదు. వదిన బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, నవ్వుకుంటా ఎక్కింది.

కాట్పాడి దాకా దారి ఒకటే కాబట్టి అనుమానమే రాలేదు. నేను వినాయకుడి మహిమలు చెప్తానే ఉన్నా. జనాన్ని తోసుకుంటా కండక్టరు మా దగ్గరికి వచ్చేసరికి కాట్పాడి దాటేసినాం.

"మూడు కాణిపాకం" అన్నా దర్జాగా.

"కాణిపాకమా? ఇది గుడియాత్తం మీద పలమనేరు పోయే బస్సమ్మా!"

వెంటనే అరవంలోకి దూకినా. "అణ్ణా, మెదువా పేసుంగ!" కొంచెం మెల్లగా మాట్లాడన్నా, పక్కన వియ్యపురాలు ఉండాది అని గొణిగినా. ఆయనకు రెండు భాషలూ వచ్చు, మెల్లగా మాట్లాడేది ఒక్కటే రాదు.

"బోర్డు ఇంత లావు రాసుండాది, చదివి ఎక్కే పని లేదామ్మా?" అని బస్సంతా వినేటట్టు అరిచినాడు.

"చదవకుండానే ఎక్కుతామా? గుడియాత్తానికే! మూడు ఇవ్వు!" అని నేనూ అరిచినా. వదిన కిటికీలోంచి బయటికి చూస్తా ఉండాది. కె.వి.కుప్పం దాటేదాకా మా ఆయనకు ఫోన్ చేస్తానే ఉన్నా, ఎత్తితే కదా!

ఇంటి తలుపు తీసినాడు మహానుభావుడు. పైన బనియను, కింద మోకాలి దగ్గర చినిగిన లుంగీ, మోచేతికి అంటుకున్న లేబులు. ఊరికంతా కొత్త లుంగీలు మడిచే మనిషి! మమ్మల్ని చూసి, "కాణిపాకంలో అంత తొందరగా దర్శనం అయిపోయిందా?" అన్నాడు.

వదిన గోడలు చూసి, "పెయింటింగ్ ఏది వదినగారూ?" అనింది.

"రేపు మొదలుపెడతారంట" అన్నా. ఆ క్షణం నేల చీలితే దూరిపోయి ఉంటా!

ఆమె ఏం చేసిందో తెలుసా? ఒక కట్ట పక్కకు జరిపి కిందే కూర్చుని, మా ఆయన్ని లుంగీ మడిచే పద్ధతి అడిగింది. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెడితే రెండో ముద్ద అడిగి తినింది. సాయంత్రానికి మా ఆయన కంటే నున్నగా మడుస్తా ఉండాది! మడుస్తా మడుస్తానే అనింది, "నా కోడలు చేతులు ఖాళీగా ఎందుకుండవో ఇప్పుడు తెలిసింది. పిల్లను బాగా పెంచారు వదినగారూ." నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయమ్మా. ఆరు నెలల భయం ఆ ఒక్క మాటతో పోయింది.

ఇంక ఉండబట్టలేక, నాకు తెలుగు చదివేదానికి రాదని నిజం చెప్పేసినా. ఆమె పడీపడీ నవ్వింది. "ఎక్కేటప్పుడే బోర్డు చదివాను. ఇన్నాళ్లకు ఇల్లు చూపిస్తున్నారని సంతోషపడ్డాను. కండక్టర్ అరిచాక అసలు సంగతి అర్థమైంది. నోరు తెరిస్తే ఎక్కడ దింపేస్తారోనని ఊరుకున్నాను! నాకు జ్వరమన్నా దండమే, తగ్గిందన్నా దండమే. అప్పటినుంచీ అనుమానమే!"

ఊరికి పోయినాక పలకా, ఓనమాల పుస్తకం పంపించింది. రోజూ వీడియో కాల్లో పాఠం. తప్పు రాస్తే బెత్తం చూపిస్తాది, రాజమండ్రి నుంచి!

నిన్న వేలూరు బస్టాండులో నిలబడి, ఎవర్నీ అడక్కుండా, నా అంతట నేనే మొట్టమొదటి బోర్డు చదివినా. 'చి'... 'త్తూ'... చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి బస్సు కదిలింది. వదుల్తానా? పక్కనే పరిగెత్తి అదీ చదివేసినా! చిత్తూరు! ఒక్క తప్పు లేదు! నేను పోవాల్సిన బస్సే!

ఎక్కేది మాత్రం మర్చిపోయినా.