సపోటా తోటలో అడవి కచేరీ

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో నాకు తెలియని పిట్టే లోకంలో లేదనుకునేదాన్ని. నిజానికి సూరత్‌లో మగ్గాల మోత మధ్య పెరిగినదాన్ని. పావురం, కాకి తప్ప మరో పిట్ట గొంతు సరిగ్గా విన్నదే లేదు. అయినా అడవి కొట్టి వేసిన తోటల్లో ఏ పిట్టలు మిగిలాయో చూసే ఉద్యోగం దొరికింది. ఎందుకంటే హైదరాబాద్ నుంచి వచ్చిన మా సారుకు గుజరాతీ రాదు, నాకు వచ్చు. (మొదటి తోటలో యజమాని భార్యను చూపించి "సార్, కాకీ వచ్చింది" అంటే, ఆయన బైనాక్యులర్స్ ఎత్తి చెట్టుపైకి చూశారు. కాకీ అంటే గుజరాతీలో పిన్ని.)

ఆ తోట మాండ్వీ వైపు ఉంది. సపోటా చెట్ల వెనక పాత అడవి ముక్క ఒకటి మిగిలింది. దాన్నీ చదును చేయించాలని కాకా, అంటే ఆ యజమాని, జేసీబీ మాట్లాడుకున్నాడు. పొద్దున్నే మేం చెట్ల కింద నిలబడ్డామో లేదో, గుబురులోంచి డేగ అరిచింది. వెంటనే చిలక, ఆపైన వడ్రంగిపిట్ట. సారుకు కళ్లనీళ్లు తిరిగాయి.

"అమ్మాయ్, అడవి పిట్టలన్నీ తోటలోకి వచ్చేశాయి!"

ఆ ఆనందానికి కాస్త ఉప్పూ కారం దట్టించి కాకాకు గుజరాతీలో చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే ఆ జంగల్ ఇంకెందుకు? మషీన్‌ని ఇవాళే పిలుస్తా" అని ఫోన్ తీశాడు.

సారు కంగారుపడ్డారు. "అయ్యో, నేనన్నది అది కాదని చెప్పు!"

"మీరన్నదే చెప్పిన గద సార్!"

అంతలో గుబురులోంచి పిల్లి మ్యావ్ అంది. మేం నోళ్లు తెరుచుకుని చూస్తుండగానే ఆ పిల్లి రెక్కలు విప్పి పక్క కొమ్మకు ఎగిరింది. తోక చివర రెండు పొడుగాటి ఈకలు వేలాడుతున్న నల్ల పిట్ట!

"భీమ్‌రాజ్!" అంది కాకీ.

విన్న గొంతునల్లా అనుకరించే పిట్ట అది. డేగ, చిలక, వడ్రంగిపిట్ట, పిల్లి, అన్నీ అదొక్కటే. సారు మట్టిలో కూలబడ్డారు. "ఆ గొంతులన్నీ వెనకున్న అడవిలో నేర్చుకుంది. అడవి పోతే ఇక్కడ రోజూ వినిపించేదే నేర్చుకుంటుంది" అన్నారు నీరసంగా. అదీ తర్జుమా చేశాను. కాకా వినిపించుకోలేదు, ఫోన్లో జేసీబీ వాడి మీద చెట్లు అదిరేలా అరుస్తున్నాడు.

కాకీ మొగుణ్ని చూసింది. పిట్టను చూసింది. వెళ్లి ఫోన్ లాక్కుంది. "మషీన్ వద్దు, ఏమీ వద్దు! ఈ గొంతు ఇంట్లో ఒకటి ఉంది, చాలు. చెట్టు మీద ఇంకోటి నా వల్ల కాదు."

ఆ అడవి ముక్క ఇప్పటికీ ఉంది. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్లి, "అమ్మా, ఇయ్యాల జంగల్‌ను నేనే బచాయించిన!" అని ప్రకటించాను. అమ్మ తల కూడా ఎత్తలేదు. "మంచిగ జేసినవ్ బిడ్డా, జర కాళ్లు కడుక్కో, అంత మట్టే ఉంది" అంది.

అంత పెద్ద మాట అంత ధీమాగా అనగలిగిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త అసూయగానూ ఉంటుంది.