దస్కత్ పెట్టిన తలుపు

తెలంగాణ వచ్చిన మరుసటేడు వేసవిలో చొప్పదండి శివారున ఒక ఇంటి పని నాకు అప్పగించారు. అప్పుడు నేను కరీంనగర్‌లో లైసెన్సు ఉన్న ఇంజనీరును. ప్లాన్ గీయడం, పని జరుగుతుంటే చూడడం, పూర్తయ్యాక బాగుందని సంతకం పెట్టడం నా వృత్తి. ఇల్లు కట్టించుకుంటున్న రాజమల్లు బొగ్గుబావిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైన మనిషి. సర్దారంటే షిఫ్టుకు ముందు లోపలికెళ్లి, కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వినే ఉద్యోగి. డొల్లగా మోగితే మనుషుల్ని పంపడు. చూసింది పుస్తకంలో రాసి ఆయన సంతకం పెడితేనే పని మొదలవుతుంది.

ఆయన కోరింది ఒక్కటే. భార్య లస్మవ్వకు షుగరు, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతుంది. "ఆమె పడ్డా పానం మీదికి రావద్దు సార్. గట్ల కట్టున్రి," అన్నాడు.

నేను శ్రద్ధగానే గీశాను. వాకిట్లో మెట్లకు బదులు ఏటవాలు దారి, బాత్రూంలో గరుకు టైల్స్, గోడలకు స్టీలు కడ్డీలు, బయటినుంచి కూడా తీయగల గొళ్లెం. బాత్రూం తలుపు మాత్రం బయటికే తెరుచుకోవాలని ఆయనకు విడమరచి చెప్పాను. లోపల పడ్డ మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరిచే తలుపు ఎంత తోసినా రాదు. ఆయనకు వెంటనే అర్థమైంది.

రాజమల్లు రోజూ సైటుకొచ్చి కర్రతో ఒక్కో టైలూ కొట్టి చూసేవాడు. డొల్లగా మోగినవన్నీ పీకించేవాడు. మేస్త్రీలు తలలు పట్టుకున్నారు. నాకూ ఒళ్లు మండేది. ఇంజనీరును నేనా, ఈయనా? అది చాలదన్నట్టు ఒక నోటుబుక్కు తెచ్చాడు. గదికో పేజీ. గది పూర్తవగానే నేను చూసి, రాసి, సంతకం పెట్టాలట. "బావిల గంతే సార్. దస్కత్ లేంది లోపల అడుగు వెయ్యం." ముసలాయన సరదా అనుకున్నాను.

గృహప్రవేశం ఎల్లుండి అనగా వడ్రంగి ఓదెలు బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేట్టు బిగించేశాడు. ఇదేమిటయ్యా అంటే, "ఏ ఇంట్లనన్న తలుపు బయటికి తెరుస్తరా సార్? లచ్చిమి నిలుస్తదా?" అని నన్నే అడిగాడు. మార్చాలంటే చౌకట్టు పీకాలి, టైల్స్ పగులుతాయి. రాజమల్లుకు చెబితే ముహూర్తం ఆపేస్తాడు. పూజ అయ్యాక మారుద్దామని ఓదెలుతో అని, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. సాయంత్రం రాజమల్లు పుస్తకం చాపాడు. బాత్రూం పేజీలో "చూశాను, బాగున్నది" అని రాసి సంతకం గీకేశాను. ఆ చేతికి సిగ్గు లేకపోయింది.

తర్వాత ఇంకో పని, దాని వెనుక మరొకటి. ఓదెలు జమ్మికుంటలో వేరే ఇల్లు ఒప్పుకున్నాడు. ఆ తలుపు మాత్రం నన్ను వదల్లేదు. అన్నం దగ్గర గుర్తొచ్చేది, స్కూటర్ మీద గుర్తొచ్చేది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూనే మూడు నెలలు గడిపాను.

ఒక ఉదయం ఫోనొచ్చింది. స్నానానికెళ్లిన లస్మవ్వ తలుపుకు అడ్డంగానే పడింది. తలుపును చౌకట్టుకు పట్టి ఉంచే బందులు లోపలివైపున్నాయి, విప్పే దారి లేదు. గడ్డపారతో కొడితే ఆమెకే తగులుతుంది. చివరకు ఓదెలునే పిలిపించి, తలుపు పైసగం రంపంతో కోయించారు. ఆమెను బయటికి తెచ్చేసరికి రెండు గంటలు దాటింది. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది. ఆమె మళ్లీ సొంతంగా నడవలేదు.

ఆసుపత్రి వరండాలో రాజమల్లు తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఓదెలు చేసిన పని, నేను దాచిన సంగతి అంతా చెప్పేశాను.

"తలుపు లోపల్కి తెరుస్తుంటె నాకు మొదటి దినమే అనుమానం వచ్చింది సార్," అన్నాడు. "మీరు దస్కత్ పెట్టిండ్రు కదా, గందుకే మల్ల అడగలే."

గీసిన ఇల్లు వేరు, కట్టిన ఇల్లు వేరు; సంతకం కట్టినదాని మీద పెట్టాలి. ఆ తర్వాత పని మానేసేదాకా పెద్దవాళ్ల ఇల్లు ఏది పూర్తయినా, నేనే బాత్రూంలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుని, తలుపుకు అడ్డంగా నేల మీద పడుకునేవాణ్ణి. బయటివాళ్లు తెరవగలిగితేనే కలం తీసేవాణ్ణి.