మా అత్త వెబ్‌సైటుకు భోజనానికి వచ్చినవాళ్లు

సోలాపూర్‌లో టవలు అనేది తుడుచుకునే వస్తువు కాదు, పుచ్చుకునే వస్తువు. పెళ్లికి వెళ్తే భుజాన టవలు, నెత్తిన టోపీ. గృహప్రవేశానికి వెళ్తే టవలు. రక్తం ఇచ్చి వస్తే టవలు. మా బీరువా తలుపు ఈమధ్య సరిగా పడటం లేదు. పోనీ వాడదామా అంటే కొత్త టవలు నీళ్లు పీల్చదు. ఒంటి మీద ఒకచోట ఉన్న నీళ్లను ఇంకోచోటికి బదిలీ చేస్తుందంతే. నాలుగుసార్లు ఉతికాక పీలుస్తుంది గానీ, ఆలోగా ఇంకోటి వచ్చేస్తుంది. ఊరికి పేరు తెచ్చిన సరుకును ఇంతకంటే ఆడిపోసుకోవడం బాగుండదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇక అసలు సంగతి. ఒకప్పుడు నేనొక వెబ్‌సైటు చేశాను. దానివల్ల ప్రాణనష్టం జరగలేదు. అంతకు తక్కువవి మాత్రం చాలా జరిగాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయింది. అశోక్ చౌక్ దగ్గర ఒక ప్రింటింగ్ దుకాణంలో పెళ్లికార్డులు కంపోజ్ చేస్తూ, సాయంత్రాలు వెబ్ డిజైన్ నేర్చుకునేవాణ్ణి. మూడు నెలల కోర్సు. రెండో నెల చివరికి నాకు తెలియనిదేమీ మిగల్లేదనిపించి మూడో నెల మానేశాను. ముందు మ్యాటర్ సిద్ధం చేసుకోవాలనీ, డిజైన్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలనీ చెప్పింది ఆ మూడో నెలలోనేనట. మ్యాటర్ అంటే పేజీలో ఉండాల్సిన రాత. మా ప్రింటింగు వాళ్లు వాడే మాట.

మా మేనత్త శాంతాబాయిది విడీ ఘర్కుల్, బీడీ కార్మికుల కాలనీ. ముప్ఫై ఏళ్లుగా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకుంది. ఆమె భర్త అంబాదాస్ మామ పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు, చద్దర్లు నేస్తారు. అక్కడ పారేసే కత్తిరింపు ముక్కలు మామ తెచ్చిపెడితే, అత్త వాటితో సంచులు కుట్టడం మొదలుపెట్టింది. ఆమె కోరిక ఒక్కటే. ఆ సంచులు అమ్ముడుపోవాలి, ఒళ్లో చాట దిగాలి. బయటి ఊళ్లవాళ్లకు తెలియాలంటే వెబ్‌సైటు ఉండాలని ఎవరో చెప్పారు. ఇంట్లో ఆ విద్య తెలిసినవాణ్ణి నేను. ఆమె అదృష్టం ఆ సమయంలో అలా ఉంది.

నేను వెళ్లేసరికి అత్త సిద్ధంగా కూర్చుంది. సంచి ఎలా కుడుతుందో, పిడికి ఎన్ని కుట్లు వేస్తుందో, ఎంత జొన్నల బరువు మోస్తుందో చెప్పడానికి. నేను ఏ రంగు కావాలని అడిగాను.

‘‘రంగులు నాకేం తెల్సురా దత్తూ. ముంగట ఏం చెప్పాల్నో రాసుకోవా?’’

‘‘మ్యాటర్ తర్వాత అత్తా. ముందు లుక్కు.’’

అంబాదాస్ మామ రోజుకు ఎన్ని మాటలు మాట్లాడతాడో లెక్కపెట్టడానికి రెండో చెయ్యి అవసరం పడదు. ఆ రోజు కోటాలోంచి ఒకటి తీశాడు.

‘‘గ్రాఫు గియ్యకముందే కార్డులు కొడ్తరా?’’

చద్దరు మీద పువ్వు రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీస్తారు. దాన్నిబట్టి కార్డులనే అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. ఆ పనిలో మామ చెయ్యి తిరిగినవాడు. నేను ఆయన వైపు చూసి జాలిగా నవ్వాను. డిగ్రీ ఉన్నవాడి నవ్వు.

పది రోజులు కష్టపడ్డాను. నెమలికంఠం రంగు నేపథ్యం. చుట్టూ బంగారు పూలతీగ. రాత కోసం నాలుగు ఖాళీ గదులు, ఒక మూలన మెరిసే దీపం. కొత్త పెళ్లికొడుకులా ఉంది పేజీ. ఒంటి నిండా అలంకారం, నోట్లో మాట లేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, నా సోమలింగానికి అప్పటికే మొలతాడు కూడా కట్టేశాను.

అత్త ఒకే ఒక్కటి అడిగింది. ‘‘నా పేరు తెలుగుల పెద్దగ పెట్టు.’’ ఆమె చదివింది మరాఠీ బడిలో, నాలుగు వరకు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆ వీధిలో దాదాపు అందరిదీ అదే కథ. తన పేరు తన భాషలో ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

పెడతాను సరే, పేజీ నిండాలి కదా. తెలుగు అక్షరాలు బంగారు తీగ మధ్య ఎలా అమరుతాయో చూడాలి. నా దగ్గరున్న తెలుగు మ్యాటర్ ఒక్కటే, కొన్ని నెలల కిందట కంపోజ్ చేసిన పెళ్లికార్డు. అది తెచ్చి గదుల్లో పోశాను. పరాయివాళ్ల పేర్లు బయటపెట్టడం తప్పు కదా అని వధువు స్థానంలో శాంతాబాయి అని వేశాను, పేజీలో అదే అన్నిటికన్నా పెద్ద అక్షరం. వరుడి స్థానంలో అంబాదాస్. పాత తేదీ ఉంటే పేజీ పాతదనిపిస్తుందని వచ్చే ఆదివారం వేశాను. వేదిక దగ్గర వాళ్ల ఇంటి అడ్రసు. ఎలాగూ అడ్రసు ఉండాలిగా. నా ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది, గమనించండి. పిచ్చివాడు ఇంత పద్ధతిగా ఉండడు.

లింకు అత్తకు పంపి, డిజైన్ మాత్రమే చూడమన్నాను. మ్యాటర్ తెలుగులో ఉంది కాబట్టి ఎవరూ చదవరని నా ధైర్యం.

అత్త ఫోన్ చేసి, పెద్దగా ఉన్నదేనా తన పేరు అని అడిగింది. అదేనన్నాను. వెంటనే ఫోను పెట్టేసింది. పెట్టేసి ఆ లింకు వీధిలో ఆడవాళ్ల గ్రూపుకూ, చుట్టాలందరికీ పంపింది. తన పేరు అందరూ చూడాలని.

ఎదురింటి విజయక్క ఆ ఫోను పట్టుకుని రాజేశం సారు దగ్గరికి వెళ్లింది. సారు తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, వీధిలో తెలుగు చదవగల ఏకైక ప్రమాదం. ఆయన శుభలేఖను రాగయుక్తంగా చదివి వినిపించాడట. అత్తనే ఒక మాట అడగొచ్చు కదా అంటారా? అడగకపోవడానికి కారణం ఉంది. వాళ్ల పెళ్లప్పుడు మామ పనిచేస్తున్న మిల్లు మూతబడింది. కార్డు కొట్టించలేదు, గుళ్లో పదిమంది మధ్య తాళి కట్టించేశారు. అది వీధిలో అందరికీ తెలుసు. నోరు విప్పని మనిషి ఇన్నాళ్లకు పెళ్లాం కోసం చెప్పకుండా ఇంత చేస్తున్నాడని ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని, గుట్టుగా ఉంచారు.

ఆదివారం మధ్యాహ్నం అత్త ఫోను.

‘‘దత్తూ, జర వస్తవా? ఇంటి ముంగట చెప్పులు మస్తున్నయి.’’

వెళ్లాను. ఆమె చెప్పింది చాలా తక్కువ. ఇంట్లో, వాకిట్లో, మెట్ల మీద జనం. మధ్యలో అత్త, పాత చీరలో, చాట ఒళ్లోనే. నుదుట ఎవరో బొట్టు పెట్టారు. పక్కన మామ, నెత్తిన ఒకదాని మీద ఒకటి మూడు టోపీలు, భుజాన అరడజను టవళ్లు. ఆయన అలవాటు కొద్దీ ఒక్కో టవలు అంచు తిప్పి చూస్తున్నాడు. వాటిలో రెండు ఆయన నేసినవేనట.

‘‘ఏందిరా, నాకు లగ్గం పెట్టినవంట?’’

‘‘అది శాంపిల్ మ్యాటర్ అత్తా.’’

‘‘శాంపిల్ లగ్గానికి ఇంతమంది వస్తరా?’’

రాజేశం సారు నా భుజం తట్టి, ఒక్క అచ్చుతప్పు లేదని మెచ్చుకున్నాడు. పెళ్లికార్డుల్లో ‘మీ రాక వరకు విందు’ అని ఉంటుంది. ఇక్కడ అక్షరాలా అదే జరిగింది. వాళ్లు వచ్చారు, విందు లేదు.

నేను నిజం ఒప్పుకున్నాను. ముందుగా విజయక్క నవ్వడం మొదలుపెట్టింది, అది మెట్ల దాకా పాకింది. వచ్చినవాళ్లు పస్తు వెళ్లకూడదని ఎవరింటికి వాళ్లు లేచారు. భాక్రీలు అనే జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, పప్పు వచ్చాయి. విజయక్క ఇంటినుంచి భాక్రీల దొంతర తేవడానికి గోడకు వేలాడుతున్న సంచి ఒకటి తీసుకుంది. పిడి లాగి చూసింది.

‘‘బరువేస్తె ఊడదా శాంతక్కా?’’

అత్త చాట పక్కన పెట్టింది.

‘‘ఎట్ల ఊడ్తది? బీడీకి దారం కట్టినట్టే కడ్తనే దీనికి గూడ. ముప్ఫై ఏండ్ల సంది కడ్తున్న. ఇన్నొద్దులు కట్టిందంత ఎవడో కాలవెట్టుకుండు, బూడిదైపోయింది. ఇది ఒక్కటి ఉంటది.’’

అక్కడున్న ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవాళ్లే. ఎవరి వేళ్లు వాళ్లు చూసుకున్నారు. నేను ఒక టవలు మడతలోంచి అట్ట లాగి, దాని మీద ఆ మాటలు రాసుకున్నాను. పది రోజులు నేను వెతకని మ్యాటర్ అది. మొదటి రోజే చెప్పడానికి కూర్చుంది, నేను రంగు అడిగాను.

కొత్త సైటు ఒక్క సాయంత్రంలో అయింది. తెల్ల పేజీ, ఒక సంచి ఫోటో, అత్త చెప్పిన ఆ మాటలు మరాఠీలోనూ ఇంగ్లిషులోనూ. పైన పేరు మాత్రం తెలుగులో. ఆ ఆదివారమే విజయక్క వాళ్లు తలా ఒక సంచి కుట్టిమ్మని చెప్పారు. నెల తిరక్కుండా పుణెలో ఒక పుస్తకాల దుకాణం వాళ్లు అడిగారు. తర్వాత ఇంకొకరు. దీపావళి దాటాక అత్త, చుట్టిన బీడీలు అప్పజెప్పే బ్రాంచికి వెళ్లి ఇక రానని చెప్పి వచ్చింది. చాటలో ఇప్పుడు బియ్యం చెరుగుతోంది. దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు.

కనుక పాఠకులారా, ఆనాడు మామ నెత్తినెక్కిన మూడు టోపీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మ్యాటర్ చేతికి రానిదే ఏ పేజీకీ రంగు ముట్టించను. మనిషిని అడగనిదే అక్షరం వేయను. నా కంటికి బాగుందని ఏ గదీ నింపను.

ఈ ప్రమాణం మొదట చేసింది కొత్త సైటు మామకు చూపించిన రోజునే, ఆయన ఎదుటే. చిన్న వివరం ఒకటి ఉంది. అత్త పేరు ఎడమవైపు వేశాక కుడివైపు బోసిగా అనిపించి, అక్కడ అంబాదాస్ అని వేశాను. మామ ఫోను దూరంగా పట్టుకుని, కుడివైపు అక్షరాలు ఏమిటన్నట్టు వేలితో చూపించాడు, ఆయన పేరేనని చెప్పాను.

‘‘కుట్టేది ఆమె. నా పేరెందుకు పెట్టినవ్? జాగ ఖాళీ ఉందనా?’’